మండే చేతులు, మెత్తని మందులు: మన దాతలు తెలుసుకోవలసిన చర్మ సంరక్షణ



కిందటి రంజాన్‌కు ముందు మన సొసైటీ తరఫున రేషన్ కిట్లు పంచుతున్నప్పుడు రిజిస్టరు దగ్గర కూర్చునే పని నాకు అప్పగించారు. సంతకం రానివారి చేత వేలిముద్ర వేయించుకోవాలి. వరుసలో ముప్పై అయిదేళ్ల చెల్లెమ్మ ఒకామె వచ్చింది. ఇంకు ప్యాడు మీద బొటనవేలు ఆనించి కాగితం మీద నొక్కితే గీతలు పడలేదు, ఒట్టి నల్ల మచ్చ పడింది. రెండోసారీ అంతే.

"రేషన్ షాపులో మిషను కూడా ఇట్లాగే తీసుకోదు మాస్టారూ. తొడిమలు తీసీ తీసీ వేళ్లు అరిగిపోయినయి" అంది నవ్వుతూనే.

"రాత్రిళ్లు మండుతాయా అమ్మా?" అని అడిగాను.

"మంట అలవాటైపోయింది. వుజూ చేసేటప్పుడే కష్టం. ఆ చేతులతోనే కదా మొహం కడుక్కునేది, కళ్లు మండిపోతాయి. సబ్బుతో కడిగినా పోదు. బట్టల సోడాతో రుద్దుకుంటే కాస్త పోయినట్టుంటుంది, మర్నాటికి చర్మం పగులుద్ది."

ఏళ్ల తరబడి పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. చర్మం బొమ్మ గీయించి భాగాలు గుర్తింపజేశాను. కానీ మిరప చేతిని ఎలా కడుక్కోవాలో ఒక్క పాఠంలోనూ చెప్పలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఈ వ్యాసం. ఇది మన కిట్లు కొనే దాతల కోసం రాసింది. ఎందుకంటే కిట్టులో ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో నిర్ణయించేది మీరే.

మన నేల, మన చేతులు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మీద రెండు పంటలు మన బతుకును నడుపుతున్నాయి. ఒకటి పత్తి, రెండోది మిరప. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల పేర్లు వచ్చాయి గానీ పని మారలేదు. దసరా దాటాక పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరప కోతలు. కోసిన కాయ కల్లంలో ఎండి, టిక్కీలకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు చేరుతుంది. ఆసియాలోని అతి పెద్ద మిరప మార్కెట్లలో అది ఒకటి. గుంటూరు సన్నం రకానికి భౌగోళిక గుర్తింపు ఉంది. లాం ఫారంలో పుట్టిన 334 రకం పేరు ఎరగని రైతు లేడు. ఈ పేరుప్రతిష్ఠల వెనక కల్లాల్లోనూ కోల్డ్ స్టోరేజీల దగ్గరా చుట్టూ కూర్చుని తొడిమలు తీసే, తాలుకాయలు ఏరే ఆడవాళ్ల చేతులున్నాయి. వాళ్లలో మన ఇళ్ల ఆడపడుచులు కూడా తక్కువ కాదు.

పత్తితో మన అనుబంధం ఇంకా పాతది. దూదిని ఏకడమే వృత్తిగా బతికిన నూర్‌బాషా దూదేకుల కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఊళ్లలో ఉన్నాయి. మిల్లులొచ్చి ఆ వృత్తి వెనకబడ్డాక, దూది ఏకిన ఇళ్లలోనే ఎందరో పత్తి తీతకూ మిరప కోతకూ కూలికి వెళ్తున్నారు. కనుక ఈ పంటలు చర్మాన్ని ఏం చేస్తాయో తెలుసుకోవడం మనకు ఇంటి విషయమే.

మిరప మంట ఎలా పుడుతుంది

మిరపలోని ఘాటుకు కారణం కాప్సేసిన్ అనే పదార్థం. అది ఎక్కువగా ఉండేది, చాలామంది అనుకున్నట్టు, గింజలో కాదు. గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. తొడిమ లాగినప్పుడు కాయ మెడ దగ్గర తెరుచుకుని, ఆ పొర తునకలు, పొడి వేళ్లకు అంటుకుంటాయి. గోళ్ల సందుల్లో చేరి అక్కడే ఉండిపోతాయి.

మన చర్మంలోని నరాల కొసల్లో వేడిని పసిగట్టే చిన్న ద్వారాలుంటాయి. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అవి తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకు కబురు పంపుతాయి. కాప్సేసిన్ వేడి లేకుండానే ఆ ద్వారాన్ని తెరుస్తుంది. అంటే చేయి నిజంగా కాలడం లేదు, కాలుతున్నట్టు నరం చెబుతోంది. ఈ ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన కల్లంలో కూర్చున్న ఆడవాళ్లకు తెలిసిన మంటకు అంతటి శాస్త్రం ఉంది.

దీనివల్ల మనకు తెలిసే పనికొచ్చే సంగతులు రెండు. మొదటిది, మిరప మండే చేతిమీద వేడినీళ్లు పోస్తే మంట రెట్టింపవుతుంది. తెరుచుకున్న ద్వారం మామూలు గోరువెచ్చదనాన్ని కూడా కాలినట్టే చెబుతుంది. రెండోది, కాప్సేసిన్ నీటిలో కరగదనే చెప్పవచ్చు. నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్ని నీళ్లు పోసినా పోదు. చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

నీళ్ల కన్నా ముందు నూనె

అమెరికాలో మిరపకు పేరుబడ్డ న్యూ మెక్సికోలో వైద్యులు 1987లో ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించారు. మిరపతో మండుతున్న చేతులను కొందరివి చల్లటి నీళ్లలో, కొందరివి మామూలు వంటనూనెలో ఉంచి చూశారు. మొదట హాయి అనిపించింది నీళ్లలోనే. కానీ గంటసేపు నూనెలో ఉంచినవారికి ఆ తరవాత మంట తక్కువగా ఉంది. ఖరీదైన మందు కాదు, వంటింట్లో నూనె.

దీన్ని మన పనికి ఇలా అన్వయించుకోవచ్చు.

పని ముగిశాక చేతికి ముందు నీళ్లు తగలనివ్వకూడదు. పొద్దుతిరుగుడు నూనో, వేరుశనగ నూనో, కొబ్బరి నూనో రెండు చెంచాలు అరచేతిలో పోసుకుని వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ రెండు మూడు నిమిషాలు మెల్లగా రుద్దాలి. కరిగిన ఘాటు నూనెలోకి వస్తుంది. దాన్ని పాత గుడ్డతో తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే ఆ నూనే ఘాటును చేయంతా పూస్తుంది. ఇంకోసారి నూనె రాసి, ఇంకోసారి తుడవాలి. ఆ తరవాతే ఒంటి సబ్బుతో, చల్లటి నీళ్లతో కడుక్కోవాలి. సబ్బు నూనెను పట్టుకుని నీటితో పాటు తీసుకుపోతుంది. తుడిచిన గుడ్డను పిల్లలకు అందకుండా విడిగా పెట్టి ఉతకాలి.

వుజూ దీని తరవాతే. మిరప చేతితో మొహం మీద, ముక్కులో నీళ్లు పోసుకుంటే ఘాటు కళ్లకు, ముక్కు లోపలి పొరకు చేరుతుంది. సబ్బుతో కడిగాక చేతి మీద మిగిలే పలుచని నూనె జిడ్డు వుజూకు అడ్డు కాదని ఆలిములు చెబుతారు. సందేహం ఉన్నవారు తమ మసీదు ఇమాము గారిని అడిగి నిశ్చింత పడవచ్చు.

కంట్లో పడితే మాత్రం నూనె వాడకూడదు. శుభ్రమైన నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాలిచ్చే తల్లులు ఇంటికి రాగానే బిడ్డను ఎత్తుకోకముందే ఈ పద్ధతిలో చేతులు కడుక్కుని, పని బట్టలు మార్చుకోవాలి. పెద్దవాళ్లం ఓర్చుకునే ఘాటును పసిబిడ్డ చర్మం ఓర్చుకోలేదు.

పనికి ముందు చేతికి పలుచగా నూనె రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. మంచిదే, కానీ గ్లవ్స్‌కు సాటి రాదు. గ్లవ్స్ కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. సన్నటి లేటెక్స్ రబ్బరు గ్లవ్స్ నూనె తగిలితే బలహీనపడి చిరుగుతాయి. నైట్రైల్ గ్లవ్స్ నూనెకు తట్టుకుంటాయి.

పత్తి చేతుల సంగతి వేరు

మిరప మంట రసాయనంతో వస్తుంది. పత్తి గాయం మొనతో వస్తుంది. పగిలి ఎండిన పత్తికాయ డొప్పల కొసలు సూదుల్లా ఉంటాయి. రోజంతా దూది లాగే వేళ్ల కొసల మీద, గోరు మొదట్లో సన్నటి గీతలు పడతాయి. చలిగాలికి అవి పగుళ్లవుతాయి. ఆ పగుళ్లలో మట్టి, చెమట చేరి చీము పడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. మిరప దగ్గర మేలు చేసిన నూనె, పురుగుమందు కొట్టిన పత్తిచేలో రక్షణ కాదు. పురుగుమందుల్లో చాలావరకు నూనెలో కరిగేవే. జిడ్డు చేతికి అవి అంటుకుని, చర్మం గుండా లోపలికి పోయే ప్రమాదం ఉంది. కనుక చేలోకి వెళ్లేటప్పుడు నూనె వద్దు, పొడుగు చేతుల చొక్కా, గుడ్డ కట్టు కావాలి. ఇంటికి రాగానే సబ్బు నీళ్లతో స్నానం. నూనె అంతా అయ్యాక, రాత్రికి.

రాత్రి చేతులు కడిగి, పూర్తిగా ఆరకముందే, ఇంకా తడి ఉండగానే నూనె రాసుకోవాలి. తడి మీద రాసిన నూనె నీటిని చర్మంలో పట్టి ఉంచుతుంది. ఎండిన చర్మం మీద రాస్తే జిడ్డే మిగులుతుంది. పైన పాత నూలు మేజోళ్లో, మెత్తటి గుడ్డో తొడుక్కుని పడుకుంటే మేలు.

ఏ నూనె అని అడిగితే, మన కిట్లలో ఉండే పొద్దుతిరుగుడు నూనెకే మంచి ఆధారం ఉంది. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని ఒక పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన శిశువుల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె మెల్లగా రాసి చూశారు. నూనె రాయని శిశువులతో పోలిస్తే వాళ్లకు ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని 2005లో ప్రచురించారు. చర్మమనే గోడ గట్టిపడితే లోపలికి వచ్చే శత్రువు తగ్గుతాడన్నమాట. కొబ్బరి నూనె కూడా మంచిదే. ఆవనూనె మాత్రం చర్మానికి గరుకు, పసిపిల్లలకు అసలు వద్దు.

ఇంట్లోనే మలాం చేసుకోవాలంటే పొద్దుతిరుగుడు నూనె 200 గ్రాములు, శుభ్రమైన తేనెమైనం 50 గ్రాములు గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లున్న ఇంకో గిన్నెలో పెట్టి మైనం కరిగించి, చిన్న డబ్బాల్లో పోసి చల్లార్చాలి. రంగు, సెంటు వేయవద్దు. పగుళ్లకు వాడే సాదా వాజలిన్ మొక్క నుంచి వచ్చింది కాదు, పెట్రోలియం నుంచి వచ్చింది. అయినా చర్మానికి అది చాలా మెత్తనిది. మనకు మేలు చేసేదేమిటో చూడాలి గానీ, పుట్టిన చోటు ఒక్కటే చూస్తే సరిపోదు.

వేలిముద్రల విషయమూ ఇక్కడే చెప్పాలి. ముద్ర గీతల పునాది చర్మం లోపలి పొరలో ఉంటుంది. పై పొర సుమారు నాలుగు వారాలకొకసారి కొత్తదవుతుంది. లోతైన గాయం కాకపోతే, ఆ నెల రోజులూ చేతిని కాపాడుకుంటే అరిగిన గీతలు తిరిగి వస్తాయి. రేషన్ మిషను గుర్తుపట్టని వేలును మళ్లీ గుర్తుపట్టేలా చేయడానికి కావలసింది నూనె, కాస్త విశ్రాంతి.

గరుకు సబ్బుకు బదులు

ఆరోగ్యమైన చర్మం పైపొర కొంచెం పులుపు గుణంతో ఉంటుంది. పీహెచ్ కొలతలో 5 దగ్గర. 7 అంటే తటస్థం. మామూలు సబ్బు 9, 10 మధ్య ఉంటుంది, బట్టల సోడా ఇంకా పైన. సోడాతో చేయి రుద్దితే ఘాటుతో పాటు చర్మాన్ని కాపాడే సహజమైన కొవ్వు కూడా పోతుంది. గోడకున్న సున్నం, ఇటుకల మధ్య అడుసు రెండూ కడిగేసినట్టు. మర్నాడు ఆ సందుల గుండానే మిరప ఇంకా లోపలికి దిగుతుంది. సోడా వల్ల మంట తగ్గినట్టే ఉండి మరింత పెరగడానికి కారణం ఇదే.

దీనికి బదులుగా మన ఇళ్లలో పాతకాలం నుంచీ ఉన్నవి రెండున్నాయి.

ఒకటి సున్నిపిండి. పెసలు నాలుగు పాళ్లు, శనగపప్పు ఒక పాలు ఎండబెట్టి మెత్తగా పట్టించి, వస్త్రకాయం పట్టుకోవాలి. పిండి జిడ్డును పీల్చుకుంటుంది, చర్మం కొవ్వును పూర్తిగా తీసేయదు. నీళ్లతో పలుచగా కలిపి పూసి కడగాలి, గట్టిగా నలుగు పెట్టకూడదు. పగుళ్లున్న చేతికి, మొటిమలున్న మొహానికి రాపిడి పనికిరాదు.

రెండోది కుంకుడుకాయ. దాని శాస్త్రీయ నామం సాపిండస్ అన్న మాటకు అర్థమే 'భారతదేశపు సబ్బు'. తొక్కలోని సపోనిన్లు నీళ్లలో నురగ తెచ్చి మురికిని పట్టుకుంటాయి. గింజ తీసి నానబెట్టి పిసికిన రసం తలకు, సిల్కు బట్టలకు, ఒంటికి పనికొస్తుంది. కళ్లలో పడితే మాత్రం బాగా మండుతుంది, పిల్లలకు జాగ్రత్త.

సబ్బులన్నీ చెడ్డవని కాదు. సిరియాలోని అలెప్పో నగరంలో ఆలివ్ నూనె, లారెల్ నూనెతో చేసే సబ్బుకు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ పనితనాన్ని 2024లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ సబ్బును వండి, నెలల తరబడి ఆరబెడతారు. ఏ సబ్బుకైనా నూనెతో పాటు క్షారం కావాలి. ఆ క్షారం పూర్తిగా నూనెతో కలిసిపోతేనే సబ్బు మెత్తనిదవుతుంది. ఈమధ్య 'హోమ్‌మేడ్, నేచురల్' అని అమ్మే సబ్బుల్లో కాస్టిక్ సోడా సరిగా కలవక మిగిలితే, పైన వేపాకు బొమ్మ ఉన్నా చేయి కాలుతుంది.

మొక్కదైనంత మాత్రాన మెత్తనిది కాదు

ఈ మాట పెద్దక్షరాలతో అచ్చు వేయమని సంపాదకులను కోరదామనుకున్నాను. మిరప కూడా మొక్కే కదా!

జిల్లేడు పాలు ముల్లు దిగినచోట పోస్తారు. అవి చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. జీడిపప్పు పెంకులోని నూనె కూడా అదే కుటుంబానిది. కీళ్లనొప్పికి వెల్లుల్లి ముద్ద రాత్రంతా కట్టుకుని చర్మం కాల్చుకున్నవాళ్లున్నారు. నిమ్మరసం మొహానికి రాసి ఎండలోకి వెళితే, ఆ రసమూ ఎండా కలిసి చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు తెస్తాయి. తెలుపు కోసం పూసింది నలుపు తెస్తుందన్నమాట.

కలబంద మంచిదే, కానీ ఆకు కోయగానే కారే పసుపు రసాన్ని పారబోసి, లోపలి తెల్లటి గుజ్జును కడిగి వాడాలి. ఆ పసుపు రసం దురద పెడుతుంది. వేపనూనె పైపూతకే, పిల్లలకు తాగించడం విషంతో సమానం.

సుర్మా సంగతి కూడా చెప్పాలి, బాధ కలిగినా. బజారులో సుర్మా పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు సీసపు ఖనిజం ఉన్నట్టు అనేక దేశాల్లో పరీక్షల్లో తేలింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అమెరికాలో దీన్ని కంటి అలంకరణకు అనుమతించరు. మనం ప్రేమతో పసిబిడ్డ కళ్లకు దిద్దేది అదే అయితే, ఆ ప్రేమను ఇంకో రూపంలో చూపడం మంచిది.

కనుక కొత్తది ఏది వాడినా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు ఆగి చూడాలి. దురద, ఎరుపు లేకపోతేనే వాడాలి. మొక్కది అయినా, మందుల షాపుది అయినా ఇదే పద్ధతి.

పెళ్లి సామానులో పెట్టే క్రీము

ఇక దాతలతో సూటిగా మాట్లాడవలసిన విషయం. పేద ఆడపిల్లల నికాహ్‌కు మనం ఇచ్చే సామానులో అలంకరణ డబ్బా ఒకటి ఉంటుంది. కిందటేడాది ఆ డబ్బాలు సర్దుతూ ఉంటే అందులో మొహం తెల్లబరిచే క్రీము ఒకటి కనబడింది. దాని మీద తయారీదారు చిరునామా లేదు, లైసెన్సు నంబరు లేదు. ఎవరో మంచి మనసుతో టోకున కొని ఇచ్చారు. చిన్నక్షరాల్లో ఒక వాక్యం ఉంది: బంగారు, వెండి నగలకు తగలకుండా రాసుకోవాలట.

ఆ వాక్యం చదివి నా గుండె ఝల్లుమంది. అది పాదరసం ఉన్న క్రీముకు గుర్తు. పాదరసం బంగారంతో కలిసి దాన్ని తెల్లబరుస్తుంది, అందుకే ఆ హెచ్చరిక. నగలను కాపాడుకొమ్మని చెప్పారు గానీ, మూత్రపిండాలను కాపాడుకొమ్మని చెప్పలేదు. పాదరసం చర్మంలో రంగు తయారయ్యే పనిని ఆపుతుంది, అందుకే మొహం తెలుపెక్కినట్టుంటుంది. చర్మం గుండా రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల జబ్బును అక్కడి వైద్యులు గుర్తించిన సంగతి 2023లో వార్తల్లోకి వచ్చింది. పాదరసాన్ని అదుపు చేయడానికి 2013లో ప్రపంచ దేశాలు మినమాటా ఒప్పందం చేసుకున్నాయి. సౌందర్య సాధనాల్లో దాని వాడకాన్ని అరికట్టడం అందులో ఒక భాగం.

ఇంకో రకం, డాక్టరు చీటీ లేకుండా షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులు. బెటామెథజోన్, క్లోబెటసాల్, మొమెటజోన్ అని రాసి ఉంటే అవి స్టెరాయిడ్లు. జబ్బుకు డాక్టరు చెప్పిన మేరకు వాడితే అవి మంచి మందులే. తెలుపు కోసం నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట. అందుకే ప్రభుత్వం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది.

మూడోది మెహందీ కోన్. గోరింటాకు పండితే నారింజ నుంచి ముదురు ఎరుపు, గోధుమ రంగు దాకా వస్తుంది. దానికి గంటలు పడుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండేది గోరింటాకు కాదు. అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలిపి ఉండవచ్చు. అది పడనివారికి డిజైను ఎలా వేశారో అలాగే బొబ్బలు లేస్తాయి, మచ్చ మిగులుతుంది. ఒకసారి పడకపోతే జీవితాంతం జుట్టు రంగులు కూడా పడవు. పెరట్లోని గోరింటాకు రుబ్బి పెట్టుకోవడమే నికాహ్‌కైనా, ఈద్‌కైనా అన్నిటికన్నా నమ్మకమైనది. పసిబిడ్డలకు మాత్రం అదీ వద్దు. రక్తంలో జీ6పీడీ అనే పదార్థం లోపించిన శిశువులకు గోరింటాకు కూడా రక్తకణాలను చెడగొడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. మన పిల్లల చామనఛాయ జబ్బు కాదు. దానికి మందు మనం కొనివ్వడం ఏమిటి? దానంగా ఇచ్చిన డబ్బా నుంచి ఆ పిల్లకు 'నీ రంగు చాలదు' అన్న మాట చేరితే, మనం ఇచ్చిన దుప్పట్లూ గిన్నెలూ ఆ మాటను కప్పలేవు.

దాతలకు విన్నపం

పెద్ద ఖర్చు ఏమీ అడగడం లేదు. మొదటిది, రంజాన్ కిట్టులో ఇప్పటికే ఇస్తున్న వంటనూనెతో పాటు, చేతులు కడుక్కునే పద్ధతి రాసిన చిన్న కాగితం ఒకటి తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి పెడదాం. రెండోది, మిరప కోతలు మొదలయ్యే ముందు, సంక్రాంతి నాటికల్లా, కూలికి వెళ్లే ప్రతి ఆడపడుచుకు నైట్రైల్ గ్లవ్స్, ఒక మలాం డబ్బా అందజేద్దాం. మూడోది, పెళ్లి సామానులోంచి తెల్లబరిచే క్రీములు, నల్ల కోన్లు పూర్తిగా తీసేసి, వాటి స్థానంలో కొబ్బరి నూనె, సున్నిపిండి, శుభ్రమైన గోరింటాకు పొడి పెడదాం. నాలుగోది, సీజను మధ్యలో ఒక ఆదివారం చర్మవ్యాధుల డాక్టరు గారిని పిలిచి శిబిరం పెడదాం. చీము, బొబ్బలు, జ్వరం, షుగరు ఉన్నవారి పాదాల పుండ్లు ఇంటి వైద్యానికి లొంగేవి కావు. వాళ్లను గుంటూరు సర్వజన ఆసుపత్రికి గానీ, ఒంగోలు ఆసుపత్రికి గానీ వెంటబెట్టుకు తీసుకువెళ్లాలి. వీటికి జకాత్ సొమ్ము వాడవచ్చా, సదఖా నుంచి పెట్టాలా అన్నది కమిటీ ఆలిములను అడిగి నిర్ణయిస్తుంది.

ఆ చెల్లెమ్మకు కిట్టు ఇస్తూ, నూనె పద్ధతి నోటితోనే చెప్పాను. ఈద్ మర్నాడు మసీదు వీధిలో ఎదురుపడింది. "మాస్టారూ, వుజూ చేస్తుంటే ఇప్పుడు కళ్లు మండట్లా" అంది. ఆ తరవాత, "తినే నూనె చేతులకు పూసుకుంటే మా అత్త ఊరుకోవట్లా" అని నవ్వింది. అది విన్నాకే, చేతులకు వేరుగా ఒక చిన్న సీసా ఇవ్వాలని నాకు తోచింది. తినే నూనెను చేతికి పోసుకోమని పేదింటికి చెప్పడం మనకు సులువే, వాళ్లకు కాదు. కాబట్టి పైన రాసిన వాటికి ఈ అయిదోది కూడా చేర్చమని కోరుతున్నాను: కిట్టులోని లీటరు నూనె వంటకు, చేతులకని రాసి ఉన్న పావులీటరు సీసా చేతులకు.

మన అన్నంలో కారం వేసే చేతులు అవి, మన తలగడలో దూది నింపే చేతులు అవి. ఆ చేతులను చల్లగా ఉంచే పనిలో మన దాతలందరికీ అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. ఆమీన్.